‘అన్నీ కలిపే’ అంటున్న క్రూజ్ ప్యాకేజీ, చివరికి ఎంతయితది?

బత్తాయి తోట (మిర్యాలగూడ):

అందరికీ నమస్తే. ఓడ ప్రయాణం చేసొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. నాకు తొందరేం లేదు గానీ ఏజెంట్ మాత్రం శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టమని రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు.

మా నాయిన ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. ఇక్కడి మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం లోడు. గేటు బయట లైన్లో రెండేసి రోజులు బండి ఆపుకుని, అక్కడే స్టవ్ వెలిగించి వండుకుని, దూరంగా నిలబడ్డ ఓడలను చూస్తూ కూర్చునేవాడట. వచ్చే ఫిబ్రవరికి ఆయనకు 60 నిండుతాయి. ఫంక్షన్ హాల్ మాట్లాడి ఐదొందల మందికి భోజనాలు పెడదామని మా చిన్నాయనలు అంటుంటే, "గా పైసలు పెట్టి నన్నొక్కసారి ఓడ ఎక్కియ్యిరా" అన్నాడు నాయిన. సరదాకు అన్నాడేమో అనుకున్నా, వారం తర్వాత మళ్లీ అడిగాడు.

హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ దగ్గర కొటేషన్ తీసుకున్నా. సింగపూర్‌లో ఎక్కి నాలుగు రాత్రులు, మధ్యలో మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, మళ్లీ సింగపూర్‌లో దిగడం. శంషాబాద్ నుంచి విమానం టికెట్లు, సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్ అందులోనే. మేం ఆరుగురం: అమ్మ, నాయిన, నేను, మా ఆవిడ, పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. రెండు రూములు, మొత్తం 4,80,000. "అన్నీ కలిపే సార్, బట్టలు సర్దుకుని వస్తే చాలు" అన్నాడు. నేను మిల్లులో అకౌంట్లు చూసేవాణ్ని, చిన్న అక్షరాలు చదవకపోతే నిద్ర పట్టదు. రెండో పేజీ అడుగున ‘గ్రాట్యుటీ, జీఎస్టీ, టీసీఎస్, వీసా, షోర్ ఎక్స్‌కర్షన్లు, వ్యక్తిగత ఖర్చులు అదనం’ అని ఉంది. మరి కలిపింది ఏంటి?

ఈ అదనం నిజంగా ఎంత దాకా పోతుంది? షోర్ ఎక్స్‌కర్షన్లంటే ఊళ్లలో దిగి తిరగడమే కదా, దానికి ఓడ వాళ్ల టూరే కొనాలా, మనమే బండి మాట్లాడుకోవచ్చా? అమ్మ శాకాహారం, శనివారం ఒక్కపొద్దు, పొద్దున్నే దీపం పెట్టనిదే చాయ్ కూడా ముట్టదు. నాయినకు మోకాళ్ల నొప్పులు, పైగా బీడీ అలవాటు. వీటికి రూల్స్ ఏమైనా అడ్డం వస్తాయా?


జడ్చర్ల వదిన:

తమ్ముడూ, మేం 2024 డిసెంబర్‌లో ఇదే రూట్లో వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, మా అత్తమ్మ, మా అబ్బాయి. ఓడ పేరు చెప్పను, కొన్ని చురకలు కూడా వేస్తాను కాబట్టి. ఖర్చంతా డైరీలో రాసి పెట్టుకున్నా, అందుకే ఇంత ధైర్యంగా లెక్క చెప్తున్నా.

ప్యాకేజీ నలుగురికి 3,20,000. దాని మీద జీఎస్టీ 5 శాతం, 16,000. రెండూ కలిపిన మొత్తం మీద అప్పట్లో టీసీఎస్ (ఏజెంట్ మన దగ్గర ముందుగానే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) 5 శాతం, అంటే 16,800. ఈ టీసీఎస్ పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కట్టామో వాళ్ల ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, లేదంటే వాపసు వస్తుంది. మేం ఏం చేశామంటే, అత్తమ్మ ఎఫ్‌డీ డబ్బులు కదా అని ఆమె పాన్ ఇచ్చాం. పెద్దావిడ జన్మలో రిటర్న్ వేసింది లేదు, ఆ పదహారు వేల కోసం జులైలో ఆడిటర్ చుట్టూ తిరిగాం. నువ్వు నీ పాన్ ఇచ్చుకో, ఇప్పుడు రేటు ఎంతో ఏజెంట్‌ను కాగితం మీద రాసిమ్మను.

ఇక గ్రాట్యుటీ. ఇదేదో మనం ఇష్టమైతే ఇచ్చే టిప్పు అనుకుంటాం, కాదు. మనిషికి రోజుకింత అని మన ఓడ ఖాతాలో వాళ్లే రాసేస్తారు. పెద్ద ఓడల్లో మామూలుగా 16 నుంచి 20 అమెరికా డాలర్ల దాకా ఉంటుంది, పిల్లలకూ లెక్కే. మాకు 18 పడింది. నలుగురికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు, అప్పటి రేటులో 24 వేలు. మీరు ఆరుగురు, ఇదే లెక్కన 432 డాలర్లు.

తాగడానికి మంచినీళ్లు, బఫేలో చాయ్, కాఫీ, నిమ్మరసం లాంటివి ఉచితం. కూల్‌డ్రింక్ డబ్బా నుంచి అన్నీ బిల్లే. మా ఆయన నాలుగు బీర్లు తాగాడు, ఒక్కోటి 9 డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ, సీసా దాదాపు 900 రూపాయలు. మొదటి సీసా దగ్గర లెక్క తెలియదు, రెండో సీసా నుంచి మెల్లగా తాగడం మొదలుపెట్టాడు. డ్రింక్స్ ప్యాకేజీ అని అంటగడతారు, జాగ్రత్త. మద్యం ప్యాకేజీ ఒకరు తీసుకుంటే ఆ రూములో పెద్దవాళ్లంతా తీసుకోవాలనే రూల్ చాలా ఓడల్లో ఉంది, అంటే మీ ఆవిడ చుక్క ముట్టకపోయినా కట్టాల్సిందే. వైఫై ఒక్క ఫోన్‌కు రోజుకు 22 డాలర్లు, నాలుగు రోజులకు 7,400 అయింది. ఒక్క ఫోటో 25 డాలర్లు, అత్తమ్మ కెప్టెన్ పక్కన నవ్వుతూ దిగింది, ఎట్లా వదిలేస్తాం? కొన్నాం. వీసాలకు మనిషికి 3,000 చొప్పున 12,000, ఇన్సూరెన్స్ అందరికీ కలిపి 5,000.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకు. ఓడలో డాక్టర్ ఉంటాడు గానీ చూపించుకుంటేనే వంద డాలర్లకు పైన బిల్లు.

ఊళ్ల సంగతికి వద్దాం, నేను చెప్పాలనుకున్నది అసలు ఇదే. పెనాంగ్‌లో ఓడ నేరుగా స్వెట్టెన్‌హామ్ పియర్ (ఓడలు ఆగే గట్టు) దగ్గర ఆగుతుంది, అది జార్జ్‌టౌన్ ఊరి నడిబొడ్డే. గేటు దాటి నడిస్తే పది, పదిహేను నిమిషాల్లో లిటిల్ ఇండియా. మల్లెపూల వాసన, స్టీలు గిన్నెల కొట్లు, తమిళ పాటలు. అక్కడ 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది, మా అత్తమ్మ ఓడలో రెండు రోజులుగా మూతి ముడుచుకున్న మనిషి ఆ గోపురం చూడగానే చెప్పులు విప్పేసి రోడ్డు మీదే దండం పెట్టింది. అరిటాకు భోజనం చేసి, గ్రాబ్ యాప్‌లో కారు పిలిచి కెక్ లోక్ సి అనే పెద్ద బౌద్ధ గుడికి వెళ్లొచ్చాం. రోజంతా కలిపి 150 రింగిట్లు, మూడు వేల లోపే. ఇదే గుడిని ఓడ వాళ్ల బస్సులో చూడటానికి మనిషికి 60 డాలర్లకు పైన అడిగారు. పియర్ గేటు దగ్గర టాక్సీ వాళ్లు మీద పడతారు, వాళ్లను దాటుకుని యాప్‌లో పిలవండి.

ఫుకెట్ లెక్క వేరు. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, పటోంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో దింపుతారు. భయపడి ఓడ వాళ్ల టూరే కొన్నాం, మనిషికి 85 డాలర్లు, నలుగురికి 28 వేలకు పైన. వాట్ చలోంగ్ గుడి బాగుంది, పాత ఊళ్లో అరగంట ఇచ్చారు, ఆ తర్వాత జీడిపప్పు కొట్లో ముప్పావు గంట కూర్చోబెట్టారు. జడ్చర్లలో దొరకని జీడిపప్పా! మండింది నాకు.

అయినా అసలు టెన్షన్ తర్వాత పడ్డాం. టూర్ బస్సు మమ్మల్ని బీచ్ దగ్గర దింపింది, ఇంకా టైముంది కదా అని కొబ్బరిబోండాలు కొట్టించుకుని కూర్చున్నాం. ఆఖరి పడవ ఐదున్నరకు. ఫోన్‌లో నాలుగూ ఇరవై. మా అబ్బాయి చేతికి పాత టైటాన్ వాచీ ఉంది, వాడే అడిగాడు, "మమ్మీ, నా వాచీలో ఐదూ ఇరవై అయిందేంది?" అని. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డున సిగ్నల్ దొరకగానే ఫోన్లు వాటంతట అవే థాయ్ టైముకు మారిపోయాయి, మా ఓడ మాత్రం సింగపూర్ టైము మీదే నడుస్తోంది. అత్తమ్మను చెరో రెక్క పట్టుకుని ఇసుకలో ఉరికించాం. ఎక్కాక ఆమె ఒకటే మాట, "మీ మామ ఉంటే నన్ను గిట్ల ఉరికించకపోవు". కాబట్టి చేతికి ఒక మామూలు వాచీ పెట్టుకుని, ఓడ టైము పెట్టి, మళ్లీ ముట్టుకోకండి.

మొత్తం కలిపితే టీసీఎస్ కాకుండానే లక్ష దాటింది అదనం. 3,20,000 అనుకున్నది 4,21,000 అయింది. ముందే తెలిసి ఉంటే అందులో నలభై వేలు కళ్లు మూసుకుని తగ్గించేదాన్ని.


సోమశిల లాంచి:

నాకైతే ఇదంతా పైసలు ఎక్కువైన బాధలా కనిపిస్తోంది, ఏమనుకోవద్దు. సాగర్ నుంచి శ్రీశైలానికి టూరిజం వాళ్ల లాంచి ఉంది, మా సోమశిల నుంచి శ్రీశైలానికి కూడా ఉంది. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, 575 పైన నీళ్లుంటేనే లాంచి తిప్పుతారు, కాబట్టి వరద వచ్చిన ఏడు చూసుకుని వెళ్లాలి. రెండు పక్కలా నల్లమల కొండలు, మధ్యలో కృష్ణ, ఐదారు గంటల ప్రయాణం, మధ్యాహ్నం అన్నం పెడతారు, దిగగానే మల్లన్న దర్శనం. మనిషికి రెండు వేలు అటూ ఇటూ. వీసా వద్దు, డాలర్ వద్దు, గంట వెనకా ముందూ గోల వద్దు. ఆరుగురికి పదిహేను వేలలో అయిపోయే పనికి ఆరు లక్షలు ఎందుకు?


జడ్చర్ల వదిన:

అన్నా, ఆ లాంచి మేమూ ఎక్కాం, బాగుంటుంది. కానీ ఆ పెద్దాయన కాకినాడ గేటు బయట ముప్పై ఏళ్లు చూసింది లాంచిని కాదు కదా.


అచ్చంపేట టిఫిన్స్:

ఈ ముచ్చట మీద నాకు కొంచెం హక్కుంది. ఏడేళ్లు ఓడల్లో పనిచేశాను, మొదట వంటింట్లో గిన్నెలు, తర్వాత క్యాబిన్ స్టీవార్డ్. ఇప్పుడు ఊళ్లో టిఫిన్ సెంటర్. ఎనిమిది నెలల కాంట్రాక్టు, అందులో ఒక్క రోజు కూడా సెలవుండదు, ఆదివారం ఏదో సోమవారం ఏదో లిఫ్టులో పరిచిన కార్పెట్ చూసి తెలుసుకునేవాళ్లం, దాని మీద వారం పేరు రాసుంటుంది.

వదిన గ్రాట్యుటీ మీద చెప్పింది నిజమే. ఒక్క మాట కలుపుతా. కొన్ని ఓడల్లో రిసెప్షన్‌కు వెళ్లి అడిగితే దాన్ని తీసేస్తారు, మనవాళ్లు గ్రూపుగా వచ్చి ఆఖరి రాత్రి లైన్ కట్టి తీయించుకోవడం నేను చూశాను. అది స్టీవార్డ్‌కు, అన్నం వడ్డించేవాడికి, లోపల బట్టలుతికేవాడికి పంచే డబ్బు. నా చేతికొచ్చేదాంట్లో ఎక్కువ భాగం అదే. రోజుకు పద్దెనిమిది రూములు రెండేసి సార్లు సర్దేవాణ్ని. ఉంచాలో తీయాలో మీ ఇష్టం, అదేదో ఓడ యజమాని జేబులోకి పోతుందనుకుని మాత్రం తీయకండి.

బత్తాయి తోట అన్నా, మీ అమ్మగారి దీపం సంగతి ముందు చెప్తా, ఎందుకంటే గొడవలయ్యేది అక్కడే. ఓడలో నిప్పు అన్నమాటే వద్దు. కొవ్వొత్తి, అగరబత్తి, కర్పూరం, నూనె దీపం ఏదీ వెలిగించనివ్వరు, రూములోనూ వద్దు, బాల్కనీలోనూ వద్దు. నడి సముద్రంలో ఫైరింజన్ రాదు కదా, ఆ భయం మాకు ట్రైనింగ్‌లోనే ఎక్కిస్తారు. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ కూడా ఎక్కేటప్పుడే ఎక్స్‌రేలో పట్టుకుని తీసేస్తారు, దిగేటప్పుడు ఇస్తారు. ఒకసారి ఒక పెద్దావిడ సూట్‌కేసులో కరెంటు కుక్కర్, అందులో బియ్యం, బియ్యంలో దాచిపెట్టిన ఆవకాయ సీసా. సెక్యూరిటీలో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆ సీసాను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసి నన్ను పిలిపించింది, ఇదేం రసాయనం అని. ఇంట్లో వండినవి వద్దంటారు, కంపెనీ సీల్ ఉన్న ప్యాకెట్లకు చాలా చోట్ల అభ్యంతరం ఉండదు. పచ్చడి కావాలంటే చిన్న సాచెట్లు కొనుక్కోండి. శాకాహారం సమస్య కాదు, సింగపూర్ నుంచి తిరిగే ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి పప్పు, అన్నం, పెరుగు దొరుకుతాయి, జైన్ భోజనం కూడా పెడతారు. బుకింగ్ అప్పుడే రాయించండి, ఎక్కాక మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కు ఒకసారి చెప్పండి.

నాయిన బీడీ మాత్రం కష్టం. ఓడ కంటే ముందు సింగపూరే అడ్డం. అక్కడ సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ లేదు, మొదటి సిగరెట్ నుంచే చూపించి పన్ను కట్టాలి. నమిలే పొగాకు, ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్ పూర్తిగా నిషేధం. చూయింగ్ గమ్ కూడా తీసుకుపోవద్దు. ఇంకోటి ఎవరికీ తెలియదు, గసగసాలు. మసాలా డబ్బాలో గసగసాలు ఉంటే తీసేయండి, అక్కడ అవి డ్రగ్స్ కింద లెక్క. ఓడలో పొగ తాగడానికి డెక్ మీద ఒక మూల చూపిస్తారు, బాల్కనీలో తాగి దొరికితే చాలా ఓడల్లో 250 డాలర్లు, కొన్నింట్లో అంతకంటే ఎక్కువే ఫైన్, ఆ బూడిద మేమే తుడుస్తాం కాబట్టి దాచలేరు.

ఎక్కిన రోజే మస్టర్ డ్రిల్ ఉంటుంది, అంటే ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత, అందరూ ఎవరి చోటుకు వాళ్లు వెళ్లి చూపించుకోవాలి. మనవాళ్లు స్విమ్మింగ్ పూల్ వదిలి రారు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా రాయికి గీసుకుని ఒరిగింది, 32 మంది పోయారు. అదే సాయంత్రం ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికింకా డ్రిల్ కాలేదు. ఆ తర్వాతే ఓడ కదిలేలోపు డ్రిల్ అయిపోవాలని రూల్ బిగించారు. పావుగంట పని, నాయినకైతే ఇష్టంగా కూడా ఉంటుంది.

టూర్ల సంగతి. ఓడ వాళ్ల టూర్ రేటు ఎక్కువే, లోకల్ ఆపరేటర్ బస్సే అది, మధ్యలో ఓడ వాటా. కానీ ఆ బస్సు లేటయితే ఓడ ఆగుతుంది, లేదంటే మిమ్మల్ని తర్వాతి పోర్టుకు చేర్చే బాధ్యత వాళ్లది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. పియర్ మీద ఉరుకుతున్నవాళ్లను డెక్ మీద నుంచి జనం చప్పట్లు కొట్టి చూస్తారు, మేమూ చూసేవాళ్లం, పాపం అనిపించేది. అందుకే ఓడ ఊరి పక్కనే ఆగే పెనాంగ్‌లో సొంతంగా పొండి, వదిన చెప్పినట్టు. పోర్ట్ క్లాంగ్ లాంటి చోట అయితే కౌలాలంపూర్ యాభై కిలోమీటర్ల పైన ఉంటుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అంతే సంగతులు, అక్కడ ఓడ బస్సే మేలు.

ఫుకెట్‌లో నాయిన మోకాళ్లు ఆలోచించండి. ఓడ అడుగున తలుపు తీస్తారు, కింద పడవ అలకు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఒక కాలు ఓడ మీద, ఒక కాలు పడవలో ఉన్న ఆ ఒక్క క్షణం. మేం ఇద్దరం చెరో పక్క మోచేతులు పట్టుకుని, పడవ పైకి లేచినప్పుడు "ఇప్పుడు" అని చెప్తాం, అప్పుడే అడుగు వేయాలి. సముద్రం బాగా లేకపోతే నడవలేనివాళ్లను దింపరు. ఫిబ్రవరిలో అటువైపు సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, మే నుంచి అక్టోబర్ దాకా అయితే నేనే వద్దనేవాణ్ని. అల మరీ ఎక్కువైతే కెప్టెన్ ఆ ఊరే ఎగ్గొట్టేస్తాడు, టికెట్ వెనక షరతుల్లో అది రాసే ఉంటుంది, పోర్టు చార్జీ వాపసు ఇస్తారు, టికెట్ డబ్బు ఇవ్వరు. అలాంటప్పుడు ఓడ వాళ్ల టూర్ కొనుంటే ఆ డబ్బు తిరిగొస్తుంది, బయట బుక్ చేసింది మీ తలనొప్పి.

ఇంకో రెండు. ఓడ బయలుదేరగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీద ఓడ సొంత నెట్‌వర్క్ పట్టుకుంటుంది, రోమింగ్ బిల్లు ఇంటికొచ్చాక తెలుస్తుంది. ఓడలో మన ఖర్చు రాసే ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వకండి, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా కొంత డబ్బు రోజుల తరబడి బిగబట్టి ఉంచుతారు. ఆఖరి రాత్రి సూట్‌కేసులు ట్యాగ్ కట్టి తలుపు బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు బయట ఉంచుకోండి నాయనా! ఒకాయన అన్నీ సర్దేసి, పొద్దున లుంగీ బనియన్ మీద తలుపు తీసి నన్ను పిలిచాడు. ఆయన ప్యాంటు అప్పటికి కింద ఐదు వేల బ్యాగుల్లో ఉంది. నా ప్యాంటు ఇచ్చి పంపించాను, నల్గొండ జిల్లా ఆయనే, తర్వాత కొరియర్‌లో ఇస్త్రీ చేసి మరీ పంపాడు.


వనపర్తి శీను:

విదేశాల దాకా ఎందుకు అనుకుంటే ముంబై నుంచి లక్షద్వీప్, గోవా, కొచ్చి వైపు తిరిగే ఓడ ఉంది, మేం దాంట్లో వెళ్లాం. దేశం లోపలే కాబట్టి వీసా గోల లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు, ఫారెక్స్ కార్డు అవసరం లేదు. భోజనం అంతా మన రుచే. మన పాలమూరు నుంచి ముంబై బస్సులకు ఎప్పుడూ కొదవ లేదు, తాతల కాలం నుంచి పనికి పోతున్న దారే కదా, ఈసారి ఓడెక్కడానికి పోతున్నామని మా అమ్మ బస్సులో అందరికీ చెప్పింది. అయితే అక్కడా పోర్టు చార్జీలు, గ్రాట్యుటీ, పన్నులు టికెట్ మీద వేరుగానే వేస్తారు, ప్రకటనలో ఉన్న రేటు చూసి మోసపోవద్దు. డబ్బు కట్టే ఆఖరి స్క్రీన్ దాకా వెళ్లి, అక్కడ కనిపించిన అంకెతో పోల్చుకోండి.

ఒకటి అడగాలి, లోపలి రూము తీసుకుంటున్నారా, కిటికీదా? కిటికీ లేని రూములో లైటు ఆపితే అర్ధరాత్రో మిట్టమధ్యాహ్నమో తెలియదు. మా అమ్మ రాత్రి రెండు గంటలకు లేచి తలస్నానం చేసి కూర్చుంది.


బత్తాయి తోట (మిర్యాలగూడ):

అందరికీ దండాలు. ఇంత వస్తుందని అనుకోలేదు. రెండు రోజులు కూర్చుని పెన్నుతో లెక్కేశా.

ఏజెంట్‌కు ఫోన్ చేసి గ్రాట్యుటీ, పన్నులు, వీసాలు అన్నీ కలిపిన కొటేషన్ కాగితం మీద పంపమన్నా. మొదట "సార్ మీరు మరీ" అన్నాడు, తర్వాత పంపాడు. గ్రాట్యుటీ ముప్పై ఎనిమిది వేలు, జీఎస్టీ 24,000, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో ముప్పై వేలు. అంటే ఓడలో చాయ్ తప్ప ఏమీ తాగకపోయినా లక్ష దగ్గర పడుతుంది. సింగపూర్‌లోకి రెండుసార్లు రావాలి కదా, అందుకే వీసా మల్టిపుల్ ఎంట్రీ అని రాయించుకున్నా. పోర్టు చార్జీలు ప్యాకేజీలోనే ఉన్నాయట, అదీ మెయిల్‌లో పెట్టమన్నా.

శీను అన్నా, నీ రెండు గంటల స్నానం ముచ్చట చదివి నాయిన వాళ్లకు కిటికీ ఉన్న రూముకు మార్చా. ఇంకో 22,000. వైఫై వద్దు, డ్రింక్స్ ప్యాకేజీ వద్దు, ఫోటో మాత్రం ఒకటి తప్పదు. పెనాంగ్‌లో సొంతంగా, వదిన చెప్పిన గుడి, అరిటాకు భోజనం. ఫుకెట్‌లో పిల్లలు, మా ఆవిడ, నేను దిగుతాం, అది కూడా బీచ్ వరకే, జీడిపప్పు మాకొద్దు. అమ్మా నాయినా ఓడలోనే ఉంటారు. నాయినకు ఇది చెప్తే బాధపడతాడేమో అనుకున్నా. "ఒడ్డు నాకెందుకురా, ఒడ్డు నేను శానా చూసిన" అన్నాడు. బీడీ సంగతి మాత్రం ఇంకా తేలలేదు, నాలుగు రోజులు మానేస్తా అంటున్నాడు, ఆ మాట 1998 నుంచి వింటున్నాం.

సోమశిల అన్నా, ఈసారి సాగర్ 575 దాటితే లాంచి కూడా ఎక్కుతాం, మీ మీద కోపం లేదు.

దీపం కోసం బ్యాటరీతో వెలిగేది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా, 149 రూపాయలు. అమ్మ చేతిలో పెట్టా. వెనక్కి తిప్పి, అడుగున మూత తీసి చూసి, "గీ బ్యాటరీలు సరే, వత్తి యాడ పెట్టాలె?" అంటోంది. అచ్చంపేట అన్నా, ఓడలో నిప్పు లేకుండా పూజ చేసుకునే పెద్దవాళ్లను చూసుంటారు కదా, వాళ్లకు ఏం చెప్పి ఒప్పించేవాళ్లు?


అచ్చంపేట టిఫిన్స్:

ఒప్పించడం నా వల్ల ఎప్పుడూ కాలేదు అన్నా. తూర్పు ఏ వైపో చెప్పేవాణ్ని, అంతే. ఓడ తిరుగుతూ ఉంటుంది కదా, రోజూ పొద్దున డెక్ మీదకు తీసుకెళ్లి సూర్యుణ్ని చూపిస్తే ఆయనకే దండం పెట్టుకునేవాళ్లు. ఫిబ్రవరిలో అటువైపు ఏడు తర్వాతే తెల్లారుతుంది, చాయ్ కొంచెం ఆలస్యం అవుతుందని అమ్మకు ముందే చెప్పి ఉంచండి.